తరువాతి పుస్తకము

ఒక విద్యార్థి మంచి పుస్తకమొకటి ముగించి, అట్ట మూసి, "ఇక నేమి చదువవలెను?" అని అడిగినప్పుడు పెద్దలు సాధారణముగా రెండు విధములైన సమాధానములు చెప్పుదురు. "ముందు పాఠములు చదువుము" అనునది మొదటిది. "ఏదైన మంచి పుస్తకము చదువుము" అనునది రెండవది. మొదటి సమాధానము తలుపు మూయును. రెండవది తలుపు తెరచినట్లే యుండును గాని దారి చూపదు. బడి పిల్లలలో పఠనాభిరుచి అడుగంటుచున్నదని వాపోవువారు పలువురు కలరు. ఆ అభిరుచి ఏ చోట తెగిపోవుచున్నదో పరిశీలించువారు మాత్రము తక్కువ. అది తరచుగా మొదటి పుస్తకమునకును రెండవ పుస్తకమునకును నడుమ తెగిపోవుచున్నది.

మొదటి పుస్తకము పిల్లవాని చేతికి అప్రయత్నముగనే చేరును. పాఠశాల వార్షికోత్సవమున బహుమతిగా రావచ్చును. ఇంటి అటక మీది పాత చందమామల కట్ట కంటబడవచ్చును. రెండవది అట్లు చేరదు. దానిని వెదకవలెను, లేదా తెలిసినవారెవరైన తెచ్చి ఇవ్వవలెను. ఆకలి రేపిన పుస్తకము ముగిసిన తరువాత వారము దినములలో మరొకటి చేతికి రానిచో ఆ ఆకలి చల్లారును. కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆ పిల్లవాడు చదువరి కాడు. ఒకప్పుడు ఒక పుస్తకము చదివినవాడు మాత్రమే.

ఈ విషయమును ఇబ్రహీంపట్నం వంటి ఊరిని కన్నుల ముందుంచుకొని ఆలోచించుట మేలు. రంగారెడ్డి జిల్లాలోని యీ పట్టణము హైదరాబాదునకు దాదాపు 30 కిలోమీటర్ల దూరమున, నాగార్జునసాగరు రహదారి మీద ఉన్నది. ఉదయము బస్సెక్కినవాడు కోఠిలోని పుస్తకాల అంగళ్లను, ఆదివారమైనచో ఆబిడ్సు కాలిబాటల మీది పాత పుస్తకముల రాశులను చూచి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా పుట్టి, 1936 నుండి మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజులోని భవనములో వెలయుచున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును దర్శింపవచ్చును. ఊరి చుట్టును ఇంజనీరింగు కళాశాలలు వరుసగా వెలసినవి. కావున ఈ ప్రాంతమునకు పుస్తకములు దూరమని చెప్పుట సత్యము కాదు. దూరమైనది మరొకటి కలదు. ఈ పిల్లవానికి ఈ పుస్తకము తగునని ఎరిగిన మనిషి దూరమైనాడు.

అట్టి మనుష్యులు ఒకప్పుడు తెలంగాణమున పుస్తకములు లేని కాలమునందే ఉండిరి. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా ఉన్న దినములలో, 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొన్నది. రావిచెట్టు రంగారావు, కొమఱ్ఱాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు మున్నగువారు దానికి మూలపురుషులు. అయిదేండ్లు గడచిన పిమ్మట, 1906లో, అదే నగరమున విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. పురాణములు, ప్రబంధములు చదివిన తెలుగువాడు ఆ పిమ్మట ఏమి చదువవలెనను ప్రశ్నను ఆ మండలివారు ఒక విద్యార్థి పక్షమున గాక జాతి అంతటి పక్షమున వేసికొనిరి. చరిత్రము, ప్రకృతి శాస్త్రములు తెలుగున చదువదలచినవానికి పుస్తకములు లేవని గుర్తించి వానిని వ్రాయించిరి. మొదట వెలువరించినది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. చదువరికి తదుపరి కావలసినదేమో ఊహించి, అది లేకున్న కల్పించి ఇచ్చిన పెద్దలు వారు.

వారికి తరువాతి తరమున వట్టికోట ఆళ్వారుస్వామి వచ్చిరి. చిన్నతనమున వంటపని, హోటలు పని చేసి బ్రతికిన మనిషి ఆయన. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చయిన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. అంగడిలో కూర్చుండి అమ్మువాడు కొనవచ్చినవానిని మాత్రమే చూచును. ఊరికి పోయి అమ్మువాడు చదువవలసినవానిని చూచును. ఎవని ఇంట దీపము ఎంతసేపు వెలుగునో, ఎవనికి ఎంత తెలుగు వచ్చునో, ఏ మాట చెప్పిన వాడు పుస్తకము విప్పునో గడప గడపకు తిరిగినవానికి తెలియును. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణము 1935లో పెదవడ్లపూడి ప్రాంతమున కాలువలో పడవ మీద గ్రంథాలయమును నడిపినప్పుడును ఇదియే జరిగినది. పుస్తకము ఎరువిచ్చిన పడవ దానిని తీసికొనుటకు మరల రావలెను. వచ్చినప్పుడు రెండవ పుస్తకము దానిలోనే యుండును. మొదటి పుస్తకమునకును రెండవ పుస్తకమునకును నడుమనున్న ప్రమాదకరమైన వ్యవధిని ఆ పడవ తన రాకపోకలచేతనే పూడ్చినది.

వారు అనుభవమున ఎరిగిన సత్యమును మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్‌.ఆర్‌. రంగనాథన్‌ 1931లో శాస్త్రముగ రూపొందించిరి. గ్రంథాలయ శాస్త్రమునకు ఆయన చెప్పిన పంచసూత్రములలో రెండు ఇచ్చట ముఖ్యములు. ప్రతి పాఠకునికి తనదైన పుస్తకము ఒకటి ఉండునని ఒక సూత్రము. ప్రతి పుస్తకమునకు తనదైన పాఠకుడు ఉండునని మరొకటి. ఈ రెండింటిని కలిపి చూచినచో గ్రంథాలయమనగా బీరువాలు గావని తేలును. అది సంబంధములు కుదుర్చు స్థలము. పెండ్లి సంబంధమునకు వలెనే దీనికిని ఉభయపక్షములను ఎరిగిన పెద్ద యొకడు కావలెను.

నేటి పరిస్థితి ఆళ్వారుస్వామి కాలమునకు తలక్రిందులు. నాడు పుస్తకములు కరవు, నేడు కుప్పతిప్పలు. స్కాను చేసి అంతర్జాలమున ఉంచిన పాత తెలుగు గ్రంథములు వేలకొలది కలవు. హైదరాబాదున జరుగు పుస్తక ప్రదర్శనమునకు పోయినవాడు ఏ అంగడి ముందు నిలువవలెనో తెలియక తికమకపడును. కరవులో దొరికిన ఒక పుస్తకమును పదిమారులు చదివిన తరము పోయి, సమృద్ధిలో ఒక్కటియు చేపట్టలేని తరము వచ్చినది. ఇట్టి వేళ రెండు వస్తువులు సహాయమునకు వచ్చునట్లు కనబడును. ఒకటి "తప్పక చదువవలసిన నూరు పుస్తకములు" వంటి పట్టిక. రెండవది సెల్‌ఫోను చేయు సూచన.

పట్టిక పుస్తకములను ఎరుగును గాని చదువరిని ఎరుగదు. విశ్వనాథ సత్యనారాయణ రచించిన వేయిపడగలు గొప్ప నవల యనుటలో సందేహము లేదు. కాని అంతవరకు చిన్న కథలు మాత్రమే చదివిన ఎనిమిదవ తరగతి బాలుని చేతికి దానిని ఇచ్చినచో కొన్ని పుటలలోనే ఆగిపోవును. ఆగిపోయి "ఇది నాకు ఇంకను సమయము కాని పుస్తకము" అని అనుకొనడు. "పుస్తకములు నాకు రావు" అని నిశ్చయించుకొనును. ఆ నిశ్చయమును మార్చుట ఉపాధ్యాయునికి ఏండ్ల పని. ఇక సెల్‌ఫోను పద్ధతి దీనికి విపరీతము. అది వాడు నిన్న చూచినదానిని, వానివంటివారు కొన్నదానిని లెక్కించి, దానిని పోలినదానిని నేడు చూపును. వానికి ఇంకను తెలియని ఆకలి ఒకటి కలదని అది ఊహింపజాలదు. పిల్లవాని ముఖము చూచి ఊహించుట మనిషికే చెల్లును.

మరి మనిషి దొరకనివాడు ఏమి చేయవలెను? అట్టివానికి పుస్తకమే కొంతవరకు దారి చూపును. ఇబ్రహీంపట్నము విద్యార్థులకు ఈ సంగతి వారి ఊరి పెద్దచెరువే చెప్పగలదు. కుతుబ్‌షాహీ వంశమున 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరిట వెలసిన ఊరు ఇది. చెరువును ఆ కాలమునాటిదే యందురు. తెలంగాణమున చెరువులు ఒంటరిగ కట్టినవి కావు. పై చెరువు నిండి అలుగు పారిన నీరు వాగున బడి దిగువ చెరువును చేరును. ఇట్లు ఒకదానితో నొకటి ముడివడియుండుట చేతనే వానికి గొలుసుకట్టు చెరువులని పేరు వచ్చినది. మంచి పుస్తకమునకును ఇట్టి అలుగు ఒకటి యుండును. ముగింపు పుటతో నది ఆగదు. దాని అంకితపత్రమున, పీఠికలో, ఉదాహరించిన గ్రంథముల పేర్లలో, అనువాదకుని పేరులో తరువాతి పుస్తకమునకు దారి యున్నది. చదువరులలో పలువురు ఆ పుటలనే వదలివేయుదురు.

ఒక ఉదాహరణము చాలును. ఆళ్వారుస్వామి 1955లో ప్రజల మనిషి యను నవల వెలువరించిరి. నిజాము కాలపు పల్లె బ్రతుకు అందున్నది. దానిని మెచ్చిన విద్యార్థి ఆయనను గూర్చి విచారించినచో, దాశరథి కృష్ణమాచార్య తన అగ్నిధారను 1949లో ఆయనకే అంకితము చేసినట్లు తెలియును. ఇరువురును నిజామాబాదు చెరసాలలో కలిసి ఉన్నవారు. నవల చదివినవాడు అక్కడినుండి కవిత్వమునకు వచ్చును. 1961లో ఆళ్వారుస్వామి మరణించిన పిమ్మట, తెలంగాణ జీవితమును నవలలుగ చిత్రించు పనిని దాశరథి తమ్ముడు రంగాచార్య చిల్లర దేవుళ్లు, మోదుగు పూలు మున్నగు రచనలలో కొనసాగించిరి. ఈ విధముగ ఒక పుస్తకము మరికొన్నింటిని తెచ్చినది. ఇందులో ఏ పట్టికయు అవసరము కాలేదు.

అనువాదకుని పేరు పట్టుకొని పోవుట మరొక దారి. మార్కు ట్వేయిను రచించిన టామ్‌ సాయరు కథను నండూరి రామమోహనరావు తెలుగున చదివి నవ్వుకొన్న బాలుడు అదే పేరును నరావతారము, విశ్వరూపము అను గ్రంథముల మీద చూడగలడు. మొదటిది మానవుని పుట్టుకను, రెండవది విశ్వస్వరూపమును తెలుపు శాస్త్రగ్రంథములు. అల్లరి పిల్లవాని కథ చెప్పిన గొంతే నక్షత్రముల కథ చెప్పుచున్నదని తెలిసినప్పుడు శాస్త్రమన్న భయము సగము పోవును. సురవరము ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర మరింత పెద్ద అలుగు. పూర్వపు తెలుగువారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి యను సంగతులను ఆయన కావ్యములనుండి ఏరి కూర్చిరి. పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామము, హంసవింశతి మున్నగువానిని పరీక్షల కొరకు గాక కుతూహలముతో విప్పవలెనను కోరిక ఆ పుస్తకము పుట్టించును. తెలుగు పండితుడు ఏడాది పొడుగున చెప్పియు పుట్టింపలేని కోరిక అది.

తన ఊరే పుస్తకమునకు మొదటి మెట్టు కావచ్చును. ఈ విషయమున ఇబ్రహీంపట్నమునకు ఒక విశేషము కలదు. తెలుగువారికి మంచి పుస్తకములను చవకగ అందింపవలెనని 1980లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి ప్రభృతులు హైదరాబాద్‌ బుక్‌ ట్రస్టును స్థాపించిరి. అమెరికాలోని నీగ్రో బానిసల సంతతివాడైన అలెక్సు హేలీ తన పూర్వుల చరిత్రను వ్రాసిన గ్రంథము సహవాసి అనువాదమున ఏడు తరాలుగా తెలుగువారికి దక్కినది ఆ సంస్థ ద్వారానే. ఆ గీతా రామస్వామియే 1980 దశకమున ఇబ్రహీంపట్నము తాలూకా పల్లెలకు వచ్చి, వ్యవసాయ కూలీల నడుమ నివసించి, వెట్టిని గూర్చియు భూమిని గూర్చియు వారు సాగించిన పోరాటములలో పాలుపంచుకొనిరి. ఆ అనుభవములు 2022లో ఆమె ఇంగ్లీషున వెలువరించిన ఆత్మకథలో చోటుచేసికొన్నవి.

దూరదేశపు బానిసల కథను అచ్చువేసిన చేతులు ఈ తాలూకా వెట్టివారి అర్జీలను గూర్చియు శ్రమించినవని తెలిసిన విద్యార్థికి ఏడు తరాలు పరాయి పుస్తకముగ తోచదు. తన తాత పనిచేసిన పొలమునకును ఆ కథకును సంబంధమున్నదని గ్రహించును. గ్రహించినవాడు తాతను అడుగును. తాత చెప్పినదానికి ఆధారములు వెదకుచు మరొక పుస్తకమును చేరును. ఉపాధ్యాయుడు ఈ ఒక్క సంగతిని తరగతిలో చెప్పినచో చాలును.

ఇచ్చట కొన్ని ఆక్షేపణలు రాగలవు. పాఠ్యభాగములు పూర్తిచేయుటకే వ్యవధి లేదని ఉపాధ్యాయులు అందురు. అందులో సత్యమున్నది. పరీక్షల ఒత్తిడి ఎంతటిదో శాఖా గ్రంథాలయముల పఠనమందిరములే చెప్పును. అచ్చట కూర్చుండు యువకులలో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగువారే అధికులు. వారిని తప్పుపట్టుట అన్యాయము. బ్రతుకుతెరువు వెదకుకొనువానికి గ్రంథాలయము నీడనిచ్చుట గౌరవమే. కాని వారమునకొక పర్యాయము, హాజరు పిలిచిన తరువాత అయిదు నిమిషములు, ఉపాధ్యాయుడు తాను ఆ వారము చదివిన పుస్తకమును గూర్చి చెప్పుటకు ఏ పాఠ్యప్రణాళికయు అడ్డురాదు. అడ్డువచ్చునది మరొకటి. చెప్పవలెనన్నచో తాను చదివియుండవలెను. పిల్లలు చదువుట లేదని ఫిర్యాదు చేయు ఉపాధ్యాయుని "మీరు ఇటీవల ఏమి చదివినారు?" అని పిల్లలు అడుగరు. వారు మర్యాద ఎరిగినవారు. కాని సమాధానము వారికి తెలియును.

డబ్బు లేదను ఆక్షేపణ రెండవది. ప్రతి గృహస్థుడును ఇంటిపన్నుతో బాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాడు. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టము కల్పించిన యేర్పాటు అది. శాఖా గ్రంథాలయములోని పుస్తకమునకు తండ్రి ఇదివరకే వెల యిచ్చియున్నాడని పిల్లవానికి తెలుపుట పౌరశాస్త్ర పాఠమును అగును. తనదైన సొత్తును అడుగుటకు వాడు జంకడు.

చవకబారు పుస్తకములు చదివి చెడుదురను భయము మూడవది. అపరాధపరిశోధక నవలను పిల్లవాని చేతినుండి లాగుకొనుట సులభము. దాని ప్రక్కన మరొక పుస్తకము నుంచుట కష్టము, అదియే ఫలవంతము. ఆ నవలలో వానికి నచ్చినది నేరము కాదు. తరువాత ఏమగునో యను ఉత్కంఠ. ఆ ఉత్కంఠ యాత్రాచరిత్రలలోను కలదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుండి బయలుదేరి హైదరాబాదు మీదుగా కాశికి పోయిన ప్రయాణము కాశీయాత్ర చరిత్రగా నిలిచియున్నది. దాని భాష పాతది. కావున బాలునికి పుస్తకము ఇచ్చి ఊరకుండక, ఉపాధ్యాయుడు ఆయన హైదరాబాదును వర్ణించిన భాగమును బిగ్గరగ చదివి వినిపింపవలెను. రుచి తెలిసినవాడు మిగిలినది తానే వెదకుకొనును.

విద్యార్థులు తమంతట తాము పాటింపదగిన నియమములును కొన్ని కలవు. ఇరువది ముప్పది పుటలు శ్రద్ధతో చదివినను మనసు నిలువని పుస్తకమును సిగ్గుపడక ప్రక్కన పెట్టవచ్చును. రెండేండ్ల పిమ్మట అదియే నచ్చవచ్చును. చదివిన ప్రతి పుస్తకము పేరును, కర్త పేరును, అందు కనబడిన ఇతర గ్రంథముల పేర్లను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఆ చివరి వరుసయే మునుముందు చదువవలసినవాని జాబితా. ఎవరో తయారుచేసినది కాదు, వాని పఠనమే తయారుచేసినది. గ్రంథాలయములో పుస్తకమును తీసికొనునప్పుడు దాని కుడియెడమల నున్న రెండింటిని కూడ తిరుగవేయవలెను. వర్గీకరణమను శాస్త్రము ఒకే విషయమును గూర్చిన గ్రంథములను ఇరుగుపొరుగున చేర్చుటకే పుట్టినది. అన్నింటికంటె ముఖ్యముగ, తాను మెచ్చినదానిని తోటివానికి చెప్పవలెను. పండితుని సిఫారసు కంటె ప్రక్క బల్ల మీది మిత్రుని మాట పిల్లలలో త్వరగ పనిచేయును.

ఏటేట నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. ఉపన్యాసములు, వ్యాసరచన పోటీలు, బహుమతులు ఉండును. ఆ ఏడు దినములలో ఒక దినమును వేరొక పనికి కేటాయించుట బాగు. ప్రతి ఉపాధ్యాయుడును ఒక్క విద్యార్థిని ఎన్నుకొని, వాని అభిరుచిని తెలిసికొని, ఒక్క పుస్తకమును బీరువానుండి తీసి ఇచ్చి, "ఇది నీకని తీసినాను" అని చెప్పవలెను. నెల తిరుగకుండ దానిని గూర్చి అడిగి రెండవది ఇవ్వవలెను. బహుమతి పుస్తకమునకు లేని బలము ఆ రెండవ పుస్తకమునకు ఉండును. మొదటిది ఉత్సవమున ఎవరికైన దొరకును. రెండవది తనను గుర్తుంచుకొన్నవారివలన మాత్రమే దొరకును.

ఆళ్వారుస్వామి మోసిన పుస్తకముల మూటను నేడు ఎవరును మోయనక్కరలేదు. పుస్తకములు ఊరికి వచ్చి చేరినవి. ఆ గడప యొద్ద ఆయన పలికిన మాట మాత్రము ఇంకను ఎవరో ఒకరు పలుకవలసియున్నది. బడి యున్న ప్రతి ఊరిలోను ఆ మాట పలుకగలవాడు ఒకడు ఉన్నాడు. వానిని ఉపాధ్యాయుడందురు.